బిక్షమ్మ చెప్పిన సాక్ష్యం

ఆదివారం మా చర్చిల పాటలు అయిపోంగనే సతీశ్ అయ్యగారు మైకు పట్టుకొని, "దేవుడు చేసిన మేలు గురించి ఎవరన్న సాక్ష్యం చెప్తరా?" అని అడుగుతడు. అందరికన్న ముందు లేశేది మా అమ్మ బిక్షమ్మనే. మోకాలు నొప్పి తగ్గినా సాక్ష్యమే, బర్రె ఈనినా సాక్ష్యమే. నాకు టీచర్ కొలువు దొరికిననాడైతే మైకు మల్ల అయ్యగారి చేతికి ఇయ్యనే లేదు. "నా బిడ్డ మెర్సీ..." అని మొదలువెట్టి ఏడ్సుడు, నవ్వుడు, మల్ల ఏడ్సుడు. నేను సిగ్గుతోని తల వంచుకొని కూసున్న.

మాది నార్కట్‌పల్లి దాటినంక హైవే పక్కన ఉన్న ఊరు. మా తాత బతికినన్ని రోజులు ఒకరింట్ల పాలేరుగ జీతమున్నడు. బాపు సోమన్న సెంట్రింగ్ పని చేస్తడు. అమ్మ ఊరి కమాన్ కాడ మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నది. ఆమె పక్కనే మెహమూద్ మామ పండ్ల బండి. ఆయన అమ్మను అక్కా అని పిలుస్తడు. అమ్మకు జ్వరమొస్తే ఆమె బండి మీద ఆయన తాడిపత్రి కప్పుతడు, ఆయన నమాజుకు పోతే ఆయన పండ్లు అమ్మ అమ్ముతది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేండ్లకు హైవే పొంటి జాగలన్నీ పిరమైనయి. కాంట్రాక్టర్ విజేందర్ కమాన్ ఎనక దుకాండ్లకు కొత్త మడిగెలు కట్టించిండు. మడిగెల ముందట పండ్ల బండి ఉండొద్దన్నడు. "ఇది రోడ్డు జాగ గద పటేలా, ఎన్నో ఏండ్ల సంది ఈన్నే ఉన్న," అన్నడు మెహమూద్ మామ. మాటామాటా రెండు మూడు సార్లు అయింది.

ఎండకాలం, పొద్దు నడినెత్తి మీద ఉన్నది. ఆనాడు ఏం జరిగిందో అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు గని, ఒక్కనాడు ఒక్క మాట అటిటు కాలేదు. విజేందర్ కారు దిగిండు. పుచ్చకాయల కుప్పను కాలుతోని తన్నిండు. "గట్ల చెయ్యకుండ్రి పటేలా," అని మామ చెయ్యి అడ్డం పెట్టిండు. గంతే. విజేందర్ కారులకెల్లి ఇనుప రాడు గుంజి మోకాలు మీద, పిక్క మీద కొట్టవట్టిండు. చుట్టుపక్కల దుకాండ్లోళ్లు అందరు చూసిండ్రు. చూసుకుంటనే ఒక్కొక్కరు షటర్లు కిందికి గుంజిండ్రు. అమ్మ కాగుతున్న నూనెను పొయ్యి మీద ఇడిసిపెట్టి, జాలిగంటె చేతిల అట్లనే పట్టుకొని ఉరికింది. మామ మీద వంగి అడ్డం పడ్డది.

"ఇంక కొట్టాలంటె నన్ను కొట్టు," అన్నది.

విజేందర్ ఒక్క నిమిషం చూసి, రాడు కారుల ఏసుకొని పోయిండు. అమ్మ తన కొంగు చింపి మామ కాలుకు కట్టింది. పోయే ఆటోకు ఎదురంగ రోడ్డు మీద నిలవడి ఆపి, దవాఖానకు తీస్కపోయింది.

ఆమె ఆడికి పోయెటాలకే విజేందర్ మనిషి ఒకడు వచ్చి ఉన్నడు. లారీ గుద్దిందని, లారీ ఆగకుండ పోయిందని వాడే అందరికి చెప్పిండు. పోలీసులు వచ్చి అడిగితే మెహమూద్ మామ సుత కండ్లు మూసుకొని, "లారీనే సార్," అన్నడు.

పోలీసులు పోయినంక అమ్మ ఆయన పక్కన కూసున్నది. "గదేంది తమ్మీ?"

"నాకు చిన్న పిల్లలున్నరక్కా. వానితోని ఏగలేను. నువ్వు సుత ఏం చూడలేదనుకో."

అమ్మ ఆయన దుప్పటి సర్దింది. "ముందుగాల లేచి నిలవడు. తర్వాత మాట్లాడుదం," అన్నది.

కాలుకు ఆపరేషన్ అయింది. మామ భార్య కౌసర్ అత్తకు సంకల పాలు తాగే పిల్ల, ఇంట్ల ఇంకో ఇద్దరు. దవాఖానల ఉండుడా, ఇంట్ల ఉండుడా ఆమెకు తెలుస్తలేదు. అమ్మ మా చర్చి స్త్రీల సమాజం పెద్ద. బుధవారం ఆడోళ్ల కూడిక ఉంటది. ఆ వారం అమ్మ అందరి ఇండ్లకు తిరుగుతుంటే అయ్యగారు ఎదురువడ్డడు.

"ఏమక్కా, ఈ బుధవారం కూడిక లేనట్టేనా?" అని అడిగిండు.

"ఉంటది అయ్యగారు. దవాఖానల ఉంటది."

నిజంగనే దవాఖాన వరండల చాప పరిసి కూసున్నరు. ఒకామె కౌసర్ అత్త పిల్లకు స్నానం పోసింది, ఒకామె మామ బట్టలు పిండి ఆరేసింది. జంగమ్మ పెద్దమ్మ జొన్న రొట్టెలు, పప్పు తెచ్చింది. అన్నీ అయినంక ఒక చిన్న ప్రార్థన చేసిండ్రు. ఆ దినం సంది రోజుకొకరు వంతులేసుకొని పోయిండ్రు. రంజాన్ నెల మొదలైంది. చీకటి ఉండంగనే కౌసర్ అత్త తినాలె గద అని, ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుగాల వండి పంపిండ్రు. పక్క మంచాలోళ్లు, "వీళ్లు మీకు ఏమైతరమ్మా?" అని కౌసర్ అత్తను అడిగెటోళ్లు. ఆమె మా వదినె, ఆమె మా అక్క, అని వరుసలు చెప్పుకుంట పొయ్యేది.

మామను ఇంటికి తెచ్చిననాడు కౌసర్ అత్తనే మాట తీసింది.

"బిక్షమ్మక్కా, మనిషి బతికిండు గని రోజు రోజు చస్తున్నడు. పిల్లలు అడుగుతున్నరు, అబ్బాజాన్, ఏ లారీ అని. ఇంట్ల అబద్ధం చెప్పుకుంట ఎట్ల బతుకుతం? మేం చెప్తం. నువ్వు చూసింది నువ్వు చెప్తవా?"

మామ గోడ దిక్కు మొఖం పెట్టుకొని ఉన్నడు. ఇటు తిరిగి, "చెప్దం," అన్నడు.

ఈ సంగతి విజేందర్‌కు ఎట్ల ఎరుకైందో గని, మా ఇంటి మీదికి ఎవరిని పంపలేదు. చర్చికి పంపిండు. మా చర్చికి గోడలున్నయి గని మీద రేకులే. ఎండకాలం లోపల పిల్లలు ఉడికిపోతరు. వానొస్తే అయ్యగారు చెప్పే వాక్యం ఎవరికి ఇనవడదు. స్లాబ్ ఏపిస్తనని విజేందర్ సంఘం పెద్దతోని కబురు పెట్టిండు. బిక్షమ్మను జర చెప్పుకోండ్రని సుత అన్నడు.

ఆదివారం ఆరాధన నడుమల సంఘం పెద్ద జంగయ్య తాత లేచిండు. మంచి మనిషే. ఆ గోడలు లేశినప్పుడు ఇటుకలు మోసినోడు.

"మన తాతల కాలం సంది మనకు రేకుల నీడనే. స్లాబ్ పడుతదంటె కాదనుకుందమా? మెహమూద్‌కు కాలు నయమైతాంది. ఇగ కోర్టులు, కొట్లాటలు మనకెందుకు? ఒక్క మనిషి నోరు మూసుకుంటె సంఘమంత సల్లగుంటది."

అందరు అమ్మ దిక్కు చూసిండ్రు. మొగోళ్ల దిక్కు కూసున్న బాపు తల వంచుకున్నడు. విజేందర్ పనులల్లనే బాపు సెంట్రింగ్ కొట్టేది. అమ్మ లేచింది. అయ్యగారు మైకు ఇయ్యబోతే వద్దన్నది.

"గీ చర్చిల నేను ప్రతి ఆదివారం నిలవడి సాక్ష్యం చెప్పిన. బర్రె ఈనిందని చెప్పిన. మోకాలు నొప్పి పోయిందని చెప్పిన. మీరందరు హల్లెలూయ అన్నరు. మొన్న నా కండ్ల ముందట ఒక మనిషి కాలు ఇరగ్గొట్టిండ్రు. గదొక్కటి చెప్పొద్దంటున్నరు. మరి ఇన్నేండ్లు నేను సాక్ష్యం ఎవరికి చెప్పినట్టు? మా బర్రె సంగతి ఇన్న దేవుడు మెహమూద్ కాలు సంగతి ఇనడా?"

ఎవరో నవ్వబోయి ఆగిండ్రు.

"స్లాబ్ నాకు సుత కావాలె తాతా. కని ఒకని ఎముకల మీద పోసిన స్లాబ్ కింద నాకు పాట ఎల్లదు. నేను దవాఖానల బట్టలు పిండింది ఆరాధన అయితే, ఇది సుత ఆరాధననే. నన్ను ఆపితే ఆగను. నా ఎంబడి వస్తే సంబురపడుత."

ఆమె కూసున్నది. జంగయ్య తాత నిలవడే ఉన్నడు. అప్పుడు అందరికన్న పెద్దమనిషి ఈదమ్మ అవ్వ, గోడకు చెయ్యి ఆనించుకుంట లేచింది. ఆమె చర్చిల మాట్లాడంగ నేను ఎన్నడు ఇనలేదు.

"మా అత్తను దొర గడి ముందట కట్టేసి కొట్టిండ్రు. నేను కొత్త కోడల్ని. ఊరంత చూసింది. సాయంత్రం అడిగితే ఒక్కరు సుత చూడలేదన్నరు. దెబ్బలకన్న గా మాటకే మా అత్త ఎక్కువ ఏడ్సింది." అవ్వ ఊపిరి తీసుకున్నది. "బిక్షమ్మా, నీ ఎంబడి నేనొస్త. జర మెల్లగ నడువు."

సతీశ్ అయ్యగారు జంగయ్య తాత దిక్కు చూసిండు. తాత తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. "స్లాబ్ మీద ఆశ పడ్డ," అన్నడు. "వద్దని నేనే పోయి చెప్తా విజేందర్‌కు. మాట తెచ్చింది నేను గద."

"అయితే ముగింపు ప్రార్థన పోలీస్ స్టేషన్ కాడ చేసుకుందం," అన్నడు అయ్యగారు.

ఆదివారం బట్టల మీదనే, మొగోళ్లు, ఆడోళ్లు, పిల్లలు, అందరం హైవే పొంటి నడిసినం. దుకాండ్లోళ్లు బయటికొచ్చి చూసిండ్రు. ఈదమ్మ అవ్వను మధ్యమధ్యల చెట్ల నీడకు కూసోవెట్టుకుంట పోయినం. మా ఇంటి సందు కాడ మెహమూద్ మామ కర్రలు సంకల పెట్టుకొని, కౌసర్ అత్తతోని కలిసిండు.

ఎస్సై మమ్మల్ని చూసి బయటికొచ్చిండు. "ఏందమ్మా, ధర్నానా?"

"కాదు సార్," అన్నది అమ్మ. "చెప్పేది మెహమూద్, నేను, ఇద్దరమే. వీళ్లు మాకు తోడు వచ్చిండ్రు."

ఎస్సై ఇద్దరు చెప్పింది సాంతం ఇన్నడు. ఇద్దరిని యేరే యేరే కూసోవెట్టి మల్ల అడిగిండు. "చూసినోళ్లు చెప్తనే గద మాకు తెలిసేది," అని కేసు మార్చి రాసిండు. విజేందర్‌ను పట్టుకపోయిండ్రు. కొన్ని దినాలకే బెయిల్ మీద బయటికొచ్చిండు.

ఆ తర్వాత రోజులు సల్లగ ఏం పోలేదు. ఒకనాడు పొద్దుగాల పోతే అమ్మ బజ్జీల బండి చక్రాలు లేకుండ కాలువల పడి ఉన్నది. బాపుకు పని ఇచ్చెటోళ్లు తగ్గిపోయిండ్రు. బాపు రాత్రిళ్లు కోపానికొచ్చెటోడు. "ఊరంత నోరు మూసుకుంటె నీకే ఎందుకే?" అనెటోడు. అమ్మ పొయ్యి ఇంటి ముందటనే పెట్టింది. సాయంత్రమైతే చర్చోళ్లు, మసీదు కాడి పిల్లలు వచ్చి తినిపొయ్యెటోళ్లు. అంతల కరోనా వచ్చింది, కోర్టులు బందైనయి. కేసు మర్సిపోతరేమో అనుకున్నం. అమ్మ మర్సిపోలేదు.

నల్లగొండ కోర్టుల అమ్మ వంతు వచ్చిననాడు బాపు రానంటడనుకున్న. పొద్దుగాల లేశి చూస్తే క్రిస్మస్‌కు తొడిగే తెల్లంగి ఇస్త్రీ చేసుకుంటున్నడు.

బోన్ల నిలవడి, దేవుని ఎదుట నిజమే చెప్తనని అమ్మ ప్రమాణం చేసింది. చూసింది చూసినట్టు చెప్పింది. విజేందర్ వకీలు లేచిండు.

"నువ్వు క్రైస్తవురాలివి, ఆయన ముసల్మాను. ఆయన కోసం ఇంత తిరుగుడేందమ్మా? ఎవరు పురమాయించిండ్రు?"

"ఎవరు పురమాయించలేదు సార్. నా పక్క బండి ఆయనది."

"అంత చూసినదానివి అదే దినం పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"దెబ్బలు తిన్న మనిషి భయపడ్డడు సార్. ఆయన ధైర్యం తెచ్చుకునేదాంక ఆగిన. ఆయన కాలు, ఆయన పాణం. ఆయనను ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే చెప్తే అది నా గొప్పతనం అయితది, న్యాయం కాదు."

జడ్జి మేడమ్ రాసుకునుడు ఆపి తలెత్తి చూసింది. వకీలు ఇంకా ఎన్నో అడిగిండు. ఎండల సక్కగ కనవడ్డదా అన్నడు, నూనె పొగల కనవడ్డదా అన్నడు. "పొగ పొయ్యి కాడ ఉన్నది సార్. నేను మెహమూద్ మీద ఉన్న. రాడు నా ఈపుకు జానెడు దూరంల ఉండె," అన్నది అమ్మ. వకీలు కాయిదాలు సర్దుకొని కూసున్నడు.

బయటికొచ్చినంక చూస్తే బాపు కనవడలేదు. ఎతికితే గేటు కాడ చాయ్ బండి ముందట ఉన్నడు. చాయ్ పోశెటాయనతోని, పక్కన నిలవడ్డ ఎవరెవరితోనో గట్టిగ చెప్తున్నడు: "లోపల ఇప్పుడు సాక్ష్యం చెప్పింది సూడు, గామె మా ఇంటామె. బిక్షమ్మ. మాది నార్కట్‌పల్లి అవతల." నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. అప్పుడు చర్చిల తల వంచుకున్నట్టు వంచుకోలేదు. "నేను ఆమె బిడ్డను," అని నేను సుత చెప్పిన.

ఇంకొన్ని నెలలకు తీర్పు వచ్చింది. విజేందర్‌కు జైలు శిక్ష పడ్డది. పై కోర్టుకు పోతనన్నడు. పోనీ, ఆడ అడిగినా అమ్మ అదే చెప్తది. మెహమూద్ మామ కాలు జర వంకరనే అతికింది, నడిస్తే కుంటుతడు. కని కమాన్ కాడ పండ్ల బండి మల్ల పెట్టిండు. ఆనాడు షటర్లు గుంజినోళ్లే వచ్చి బండి నిలవెట్టేందుకు సాయం పట్టిండ్రు.

ఇప్పుడు మా ఇంటికి చుట్టుపక్కల ఊర్లకెల్లి ఆడోళ్లు వస్తున్నరు. పోయిన వారం మంజులత అని ఒక పిల్ల వచ్చింది. దారం మిల్లుల పని చేస్తదట. సూపర్‌వైజర్ సతాయిస్తున్నడని చెప్పేందుకు ఆమెకు మాట సక్కగ ఎల్లలేదు. అమ్మ ఆమెకు ముందుగాల అన్నం పెట్టింది. తిన్నంక, "చెప్పేది నువ్వే చెప్పాలె బిడ్డా. నేను నీ పక్కన నిలవడుత," అన్నది.

అది బుధవారం. కూడిక ఉండె. అమ్మ జంగమ్మ పెద్దమ్మకు కబురు పెట్టింది, చెప్పులు తొడుక్కున్నది. నేను బడికి సెలవు పెట్టి ఎంబడి పోయిన. మంజులత మిల్లు దిక్కు పోయే బస్సెక్కినంక చూస్తే స్త్రీల సమాజమంత ముందటి సీట్లల్లనే కూసోని ఉన్నది.