సిపాయి సూదిసంచి

చింతపండు మళ్ళీ అయిపోయింది. మా ఇంట్లో చింతపండు పులుసులోకంటే పతకాలకే ఎక్కువ పడుతుంది. స్టీలు గిన్నెలో నానేసి, పిప్పి తీసి, ఒక్కో బిళ్ళనూ అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతాను. ఎప్పుడో, ఏ యుద్ధానికో పోయిన ఎవరి కొడుకుదో ఆ బిళ్ళ. దాని మీద ఒక రాజు తల ఉంటుంది. మా ఆయన ముక్కుకంటే ఆ రాజు ముక్కే నా వేలికి ఎక్కువ తెలుసు. పగుళ్ళలోకి పులుపు దిగితే చెయ్యంతా మంట. "మెరవాలె. అద్దం లెక్క మెరవాలె. ఎల్లుండి దసరా," అంటాడు మా ఆయన పరుశురాం, మంచం మీద వెల్లకిలా పడుకుని. బయట వాడ ఆడవాళ్ళు సద్దుల బతుకమ్మకు పూలు పేరుస్తున్నారు. నా కూతురు హారతి వాళ్ళతో పోయింది. నేను రాజు గారి ముక్కు తోముతున్నాను.

దసరాకి మా వాళ్ళు మగ్గం సామాన్లకు పూజ చేస్తారు. నాడెలు, కత్తెరలు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. మేముండే పర్వత్ పాటియాలో మగ్గాల ఖాతాకు, అంటే నేత కార్ఖానాకు, మాస్టరైన మా ఆయన వాటి పక్కన ఇనుప టోపీ, నీళ్ళ సీసా, ఊదే బిగిల్, బెల్టు బిళ్ళలు, పతకాలు కూడా వరసగా పెడతాడు. అన్నీ ఆదివారం తాపీ నది ఒడ్డున పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చినవే. కడిగేది నేను, తోమేది నేను, బొట్లు పెట్టేది నేను. దండం పెట్టుకోవడం మాత్రం ఆయన వంతు. పూజయ్యాక కుంకుమ తుడవకూడదు, వచ్చే దసరా దాకా ఉండాలి, అది ఆయన పెట్టిన ఆచారం.

మగ్గాల పనికి ఈ పరాయి రాష్ట్రం రాకముందు, సిరిసిల్లలో ఉన్న రోజుల్లో ఈయన సిపాయిల భర్తీకి పోయాడట. ఛాతీ కొలత తక్కువైందని వెనక్కి పంపారట. మా అత్త చిన్నవ్వ చెప్తుంది, "నా కొడుకు సిపాయి కావాల్సినోడు పద్మా. తలరాత బాగలేక నూలుల పడ్డడు." ఆ తక్కువైన అంగుళం ఈయన ఇన్నేళ్ళుగా నా మీద కొలుచుకుంటూనే ఉన్నాడు. అప్పుడప్పుడూ ఎవరూ చూడట్లేదనుకుని ఇనుప టోపీ పెట్టుకుని మంచం అంచున కూర్చుంటాడు. నడుము నిటారుగా పెడతాడు. ఆ కాసేపు నాకు ఆయన మీద జాలి కలుగుతుంది. అంతలోనే "నీళ్ళు తే," అంటాడు.

మాది ఒక గది, ఒక వంటిల్లు. గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ కింద నా కుట్టుమిషన్. మార్కెట్టు నుంచి చీరల మూటలు తెచ్చి లేసు అంచులు కుడతాను. హారతి కాలేజీ, కరెంటు, అత్త మందులు, ఈ అంచుల మీదే నడుస్తాయి. మా ఆయన నోట దాని పేరు టైంపాస్. "ఇంట్ల కూసుండి టైంపాస్ చేస్తది మా ఆమె," అని నా ఎదురుగానే ఖాతాలో వాళ్ళకు చెప్తాడు. నాకు ఆ మిషన్ మీద ప్రేమ డబ్బుల వల్ల కాదు. ఇంట్లో మంచం ఆయనది, మూల అత్తది, బల్ల హారతిది, వంటిల్లు అందరిదీ. నేను కూర్చుంటే ఎవరూ లేపకూడని జాగా ఆ స్టూలొక్కటే. అక్కడ కూర్చుంటే వెలుగు నేరుగా నా చేతుల మీద పడుతుంది.

ఇప్పుడు ఆ జాగాకే ఎసరొచ్చింది. గోడంతా ఆక్రమించే అద్దాల అల్మారా చేయిస్తాడట. కిటికీని మూసేసి. "వెలుగెందుకు, ట్యూబులైటు లేదా," అన్నాడు. మిషన్‌ను తన అక్కకు ఇచ్చేస్తాడట. "మరి అంచులు?" అన్నాను. "ఇగ చాలుతీయ్. ఎన్నేండ్లు టైంపాస్ చేస్తవ్," అన్నాడు. మా అత్త తమలపాకు నములుతూ, "మగోడు ముచ్చటపడ్డడు, అడ్డం రాకు బిడ్డా," అంది. నా ముచ్చట గురించి మాట్లాడేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. నాతో కలిపి.

అల్మారా ఖాయం కావడానికి ఒకటే మిగిలింది. అడాజణ్ పేట నుంచి రుస్తుం కాకా అనే పార్సీ ముసలాయన వచ్చి సామాన్లు చూడాలి. ఇలాంటివి కూడబెట్టడంలో ఊళ్ళో పెద్ద చెయ్యట. ఆయన బాగున్నాయంటే తను పెట్టే ప్రదర్శనలో వీటికీ చోటిస్తాడట. దసరా తర్వాతి ఆదివారం వచ్చాడు. మా ఆయన మంచం మీద తెల్ల దుప్పటి పరిచి అన్నీ పేర్చాడు. నేను వంటింటి గడపలో చాయ్ కప్పులతో నిలబడ్డాను.

కాకా ముందు ఇనుప టోపీ ఎత్తాడు. దాని మీది ఎర్ర మచ్చలు కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. గొంతు తగ్గించి, "ఖూన్?" అన్నాడు, రక్తమా అని.

"నై కాకా, కుంకుమ్," అన్నాడు మా ఆయన. హారతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

తర్వాత పతకాలు పట్టుకున్నాడు. ముసలాయన మొహం వాడిపోయింది. "అరే, ఆ శుం కర్యుం?" అన్నాడు, ఇదేం పని చేశారు అని. ఆ నలుపే వాటి వయసట. దాన్ని గీకేస్తే ఇక వాటికి విలువ లేదట. అక్షరాలు కూడా అరిగిపోయాయట. ఎవరు తోమారు అని అడిగాడు.

మా ఆయన నా వైపు చూడను కూడా లేదు. "ఔరత్ లోగ్ కో క్యా సమజ్, కాకా. బర్తన్ సమజ్ కే ఘిస్ దియా." ఆడవాళ్ళకేం తెలుసట, గిన్నెలనుకుని రుద్దేశానట. అద్దం లెక్క మెరవాలన్న నోరే అది. "జర చాయ్ ఇయ్యి," అన్నాడు. ఇచ్చాను. నేనే తోమానని ఒప్పుకున్నట్టే ఇచ్చాను.

కాకా పోబోతూ దుప్పటి చివరన ఖాకీ గుడ్డ చుట్టను చూశాడు. పొగాకు తిత్తి అనుకుని మా ఆయన పక్కన పడేసింది. ఇత్తడి కాదు కాబట్టి నా చింతపండు దాన్ని తాకలేదు. కాకా విప్పాడు. లోపల తుప్పు సూదులు, అట్టకు చుట్టిన దారం, నాలుగైదు గుండీలు, వేలికి తొడుక్కునే చిన్న ఇనుప టోపీ. ముసలాయన కళ్ళు వెలిగాయి. ఇది సిపాయి సూదిసంచి అన్నాడు. అప్పట్లో ప్రతి సిపాయి దగ్గరా ఉండేదట. గుండీ ఊడినా, మేజోడు చిరిగినా, ఎవరిది వాళ్ళే కుట్టుకోవాలి. తన బిళ్ళలు తానే తోముకోవాలి, తన బట్టలు తానే ఉతుక్కోవాలి. "వహా కౌన్ కరేగా? బీవీ థోడీ సాథ్ జాతీ హై," అని నవ్వాడు. అక్కడెవరు చేసిపెడతారు, పెళ్ళాం యుద్ధానికి రాదు కదా అని. ఆయన చొక్కా గుండీలు తళతళా మెరుస్తున్నాయి. అవెవరు కుట్టారని నేను అడగలేదు.

ఆ ఒక్కటే ప్రదర్శనకు పనికొస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. అదైనా ఉందని మా ఆయన పొంగిపోయాడు. ఇన్నేళ్ళు నేను తోమింది, తమ బిళ్ళలు తామే తోముకున్న మగవాళ్ళ సామాన్లు. సిపాయి కావాల్సినవాడని అత్త చెప్పే ఈ మనిషి చెడ్డీ ఎక్కడుందో ఆయనకే తెలియదు.

సోమవారం పొద్దున వడ్రంగి బ్రహ్మచారి టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. అల్మారా ఆగలేదు. అందులో ఇప్పుడు సూదిసంచికి నడిమి అర అట. నేను స్టూలు మీద కూర్చుని అంచు కుడుతున్నాను. మా ఆయన ఖాతాకు పోయే చొక్కా తెచ్చి నా మిషన్ మీద, కుట్టే చీర మీదే పడేశాడు. "గుండీ ఊడింది. కుట్టి లే. మిషన్ జరపాలె."

లేస్తాననే నేనూ అనుకున్నాను. మోకాళ్ళు కూడా అలవాటుగా కదిలాయి. చెయ్యి మాత్రం మిషన్ పక్కనున్న గూట్లోకి పోయి, ఆయన దాచుకున్న ఖాకీ చుట్టను తీసింది. చొక్కా మీద పెట్టి రెండూ ఆయన చేతికిచ్చాను.

"ఏందిది?"

"నీ సంచే. అన్నీ ఉన్నయి అండ్ల."

"ఏందే, పరాచికమా? పాడైతే?"

"సిపాయిది పాడు కాదు. కుట్టుకో."

మూలలోంచి మా అత్త, "పిచ్చి లేసిందా పద్మా, మగోనికి సూదిస్తవా?" అంది. హారతి బల్ల మీది పుస్తకం మూసి మా వైపు తిరిగింది. బ్రహ్మచారి గోడ వైపు తిరిగి, "అన్నా, నేను మల్ల వస్త తియ్యి," అన్నాడు. "ఆగు," అన్నాడు మా ఆయన. పరాయివాడి ముందు తగ్గలేక మంచం అంచున కూర్చున్నాడు. తుప్పు సూది తీశాడు. దారం కొస నోట్లో తడిపాడు. ట్యూబులైటు కింద ఎన్నిసార్లు గుచ్చినా ఎక్కలేదు. మధ్యాహ్నం మళ్ళీ నేనే ఈయనకు అన్నం వండాలి. సాయంత్రం ఈ ముచ్చట వాడంతా తిరిగొచ్చి నన్నే తిడుతుంది. అదంతా నాకు తెలుసు.

సూదీ దారమూ పట్టుకుని ఆయన కిటికీ దగ్గరకొచ్చి నా తల మీదుగా వంగాడు. "జర పక్కకు జరుగు. వెలుగుకు అడ్డమున్నవు," అన్నాడు.

నేను లేవలేదు. చీర అంచు సర్దుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టాను. గోడ దగ్గర బ్రహ్మచారి టేపు జరజరా డబ్బాలోకి చుట్టుకుపోయింది.