తాకట్టు పెట్టిన కాళ్ళు

దేసాంక ఇనపకొక్కెంతో మూత లేపి, గోతిలోకి వంగి నీళ్ళమీటరు అంకె చూసి పుస్తకంలో రాసుకుంది. పొట్టమీది కుట్ల దగ్గర చురుక్కుమంది. పేగు క్యాన్సరుకి ఆపరేషనూ మందులూ అయ్యి ఏడాది దాటినా, వంగినప్పుడల్లా అది హాజరు పలుకుతూనే ఉంది. ఇంటావిడ గాజుగిన్నెలో చెర్రీల పాకం తెచ్చింది. నీష్ ఊళ్ళో గడప తొక్కిన మనిషి చెంచాడు పాకం నోట్లో వేసుకోకుండా పోతే ఇంటిని అవమానించినట్టే.

"రెండు చేతులకీ గడియారాలేమిటే, టైము పారిపోతుందనా?" అందావిడ.

దేసాంకకి నవ్వు రాలేదు. అవి అడుగులు లెక్కపెట్టే పట్టీలు. ఎడమచేతిది తనది. కుడిచేతిది టిహోమిర్‌ది.

ఆ జబ్బుకే వైద్యం చేయించుకున్న కొందరికి జోరిట్సా డాక్టరమ్మ ఈ పట్టీలు కట్టింది. వాటి అంకెలు రోజూ ఆసుపత్రికి చేరతాయి. "ఇనుముకి పట్టినట్టే ఒంట్లోనూ తుప్పు పడుతుంది. రోజూ నడిస్తే అది తగ్గుతుందేమో రక్తంలో చూద్దాం" అందావిడ. వీధి చివరింటి టిహోమిర్, ముప్పై ఏళ్ళు రొట్టెలబట్టీ ముందు నిలబడ్డ మనిషి, మొదట్లో దేసాంకకన్నా ముందుండేవాడు. మూడు వారాల కిందట మెట్టు దిగలేక చతికిలబడ్డాడు. "చెల్లీ, నా కాళ్ళు నీ దగ్గర తాకట్టు పెడుతున్నా. అంకె పడిపోతే డాక్టరమ్మ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. అదీ లేకపోతే నేను ఉత్త రోగిని" అంటూ పట్టీ విప్పి ఇచ్చాడు. పొరుగువాడు అడిగితే కాదనడం ఆ వీధిలో ఎవరికీ చేతకాదు.

నిన్న అతనే నవ్వుతూ చెప్పాడు. "నా రక్తంలో తుప్పు పెరిగిందట. స్కానింగు తీయిద్దామనుకుని, నా అంకెలు చూసి, ఇంత నడిచే మనిషికేమవుతుంది, వచ్చే నెల చూద్దాంలే అందట డాక్టరమ్మ. బాగా నడుస్తున్నావే నువ్వు!"

అప్పటినుంచి దేసాంక కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే ముళ్ళమీద ఉన్నట్టుంది. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే మనిషే దక్కడు. పదకొండో ఇంట్లో అంకె రెండుసార్లు తప్పు రాసింది. పన్నెండో ఇంటికి పోకుండా పుస్తకం మూసేసి ఆసుపత్రికి నడిచింది.

డాక్టరమ్మ అంతా విని టిహోమిర్ కాయితాలు బయటికి తీసింది. "మిమ్మల్ని తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది. ఆయన్ని ఇవాళే తీసుకురండి. ఆ పట్టీ ఆయన చేతికే కట్టండి" అంది.

బస్సు కోసం ఆగే ఓపిక లేక దేసాంక ఏటిగట్టున పరుగులాంటి నడక నడిచింది. టిహోమిర్ గుమ్మానికి నల్లగుడ్డ కట్టి ఉంది. అతని అక్క రూజా ఎదురొచ్చి చేయి పట్టుకుంది.

"తెల్లారుతూనే పోయాడమ్మా. 'పాపం ఆ పిల్ల నా పట్టీ కూడా మోస్తోంది, ఇవాళ నేనే నడుస్తాను' అని నీ గురించే అంటూ బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోడానికి వంగినవాడు మళ్ళీ లేవలేదు."

"నేనే పొట్టన పెట్టుకున్నానక్కా."

"పిచ్చిమాటలు మాట్లాడకు. ఈ మూడు వారాలూ వాడు పొద్దున్నే మంచం దిగిందే, అంకె ఎంతయిందో నిన్ను అడగడానికి."

ఆ మాట దేసాంకకి ఊరట కాలేదు, ఇంకాస్త కోసింది. ఆమె కుడిచేతి పట్టీ విప్పి, గోడవారన ఉన్న అతని బూట్ల పక్కన పెట్టింది. దానిమీద ఆ రోజు అడుగులు తొమ్మిదివేల నాలుగొందల పన్నెండు, అన్నీ అతను పోయాక నడిచినవే.