నా బండల మీద మేకులు

నంద్యాల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నా మొగుడు సామ్యేలు చేసేది ఊళ్ల మధ్య మాటలు కలిపే పని. ఇంట్లో మాత్రం నా మాట ఒక్కటీ చెవిన పడనివ్వడు. నేను నోరు తెరిస్తే ఆయన పాట పెడతాడు.

ఎనభై ఐదులో ఆళ్లగడ్డలో సొంత ఇల్లు కట్టుకున్నాం. గోడలు ఆయన జీతంతో లేచాయి. నేల మాత్రం నాది. చీరలు మానుకొని, సినిమాలు మానుకొని, నా టీచరు జీతంతో బేతంచెర్ల బండలు వేయించి ముఖం కనపడేలా పాలిష్ పెట్టించాను. ఆ ఇంట్లో ఇది నాదని వేలు పెట్టి చూపించగలిగింది అదొక్కటే. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆ బండల మీద అడుగు వేయడానికే జంకుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

నెల తిరక్కముందే సామ్యేలు నంద్యాల నుంచి రెండు పాటల పెట్టెలు, అవే స్పీకర్లు, తెచ్చి దించాడు. వాటికి ఇనుప స్టాండ్లు, స్టాండ్ల కాళ్లకు మొనదేలిన మేకులు.

"ఏందయ్యా ఇది? కాళ్లకు మేకులేంది?" అన్నాను.

"మేకుల మీద నిలబెడితేనే పెట్టె అదరదు. తబలా దెబ్బ తబలా దెబ్బ మాదిరే ఇనపడ్తాది. మద్రాసులో ఇట్లే పెడతాండారు."

"మద్రాసోళ్ల బండలు ఏమైతే నాకేంది? ఇవి నా బండలు!"

వింటేగా! పెట్టెను గోడవైపు జరిపాడు. బర్రుమని గీత పడింది. నా ఒంటి మీద గీసినట్టే అయింది.

ఆనాటి నుంచి రోజూ రభసే. పాత హవాయి చెప్పులు కోసి మేకుల కింద ముక్కలు పెట్టాను. దరువు మెత్తబడిందని తీసేశాడు. గోనెపట్టా మడిచి పెట్టాను. పాటకు జలుబు చేసిందని అదీ తీసేశాడు. చెక్కముక్కలు పెడితే మేకు వాటిని చీల్చుకొని మళ్లీ బండనే పట్టుకుంది. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నా నా మనసు ఆ మేకుల కిందే నలిగేది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. చీమలు ఎక్కకుండా తిండి బీరువా కాళ్ల కింద నీళ్లు పోసి పెట్టే రాతి గిన్నెలు ఉంటాయి కదా, అలాంటివే చిన్నవి చెక్కించాను. ఆళ్లగడ్డలో రాతిపనికేం కొదవ? ఒక్కో మేకు ఒక్కో గిన్నెలో నిలబడింది. సామ్యేలు పెట్టెకు చెవి ఆనించి, "రాయే గదా, దరువు పోలేదు" అని ఒప్పుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

మేమిద్దరం పనికి పోతే పగలంతా ఇంట్లో ఉండేది మా అత్త దేవమ్మ. శిరివెళ్ల పక్క పల్లెలో నాట్లకూ కోతలకూ పోయి కొడుకును చదివించిన మనిషి. ఇల్లు ఊడ్చేదీ ఆమే కాబట్టి పెట్టెలున్న మూలకు నేను చాలా రోజులు పోలేదు.

ఒక శనివారం దుమ్ము దులుపుదామని అక్కడ వంగాను. గిన్నెల నిండా తుప్పు నీళ్లు. అవి అంచులు దాటి పొర్లి బండ మీద ఎర్రగా మరకలు కట్టాయి. చుట్టూ బండ మెరుపు పోయి పువ్వు పడిన కన్నులా తెల్లబడింది.

"అత్తా! ఈ నీళ్లు ఎవురు పోసినారు?"

"నేనే, రోజూ పోస్తాండా. గిన్నెలు పెడితిరి గాని నీళ్లు పోసేది ఇద్దురూ మర్సిపోతిరి. చీమలెక్కితే వాని పెట్టెలు ఏం గావాల?"

"మరి ఈ తెల్లగైందేంది?"

"ఎర్ర మరక పడింటే చింతపండుతో తోమినా. చెంబుకైతే పోతాది. దీనికి పోలేదు."

పులుపు తగిలితే ఆ రాతికి పాలిష్ నిలవదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆమెనేమనను? కాళ్ల కింద గిన్నె కనపడితే నీళ్లు పోయడం మా ఇళ్లల్లో ఎవరైనా చేసే పనే.

సాయంత్రం సామ్యేలు వచ్చి, పాట పెట్టి, నేను చూపించిన చోట మోకాళ్ల మీద వంగాడు. "అయ్యో, మేకులు తుప్పు పట్టినాయే!" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు కనపడేది మేకులా?"

"బండలే గదా, మళ్ల పాలిష్ పెట్టిస్తే సరి. అరవద్దు."

అప్పుడు లేచింది మా అత్త.

"పాట ఆపురా."

"నువ్వుండు మా."

"ఆపు! పెద్దిండ్లల్లో ఇట్లాంటి బండల మీదికి నన్ను ఒగనాడూ రానీలేదు. వాకిట్లో నిలబెట్టి గింజలు కొంగులో పోసినారు. నా కోడలు ఈ బండలు ఏయించినంక, మీరు పనికి పోతానే ఒట్టి బండ మీద పండుకుంటాండా. సల్లగుంటాది. దాన్ని నువ్వు మేకులతో పొడిసినావు, నేను చింతపండుతో పాడు జేసినా. పెట్టెలు తీస్తావా, నన్ను పల్లెకు పంపిస్తావా?"

సామ్యేలు పాట ఆపాడు. పెట్టెలను నేలకు తగలకుండా ఎత్తుకొని ఒక్కొక్కటే వసారాలోకి మోశాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇన్నాళ్లూ నేను నాది నాది అని అరిచిన నేల మీద ఆమె రోజూ పడుకుంటోందని నాకు తెలియనే తెలియదు. కోపం ఎవరి మీద చూపాలో అర్థం కాక ఆ తెల్లబడిన బండ దగ్గరే కూలబడి ఏడ్చాను.

మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. చేత్తో బండను తడిమి చూసింది.

"ఏడ్సద్దు పాపా," అంది. "సల్లదనం యాడికీ పోలేదు."