ఐవీ ఎక్కిన బండి

బండి తాళం తిప్పే ముందు ఓరిన్ ప్రతిసారీ గొంతెత్తి "ఉన్నావా?" అని అడుగుతాడు. వెనక నుంచి "ఉన్నా, పోనీ" అని జవాబు రానిదే ఇంజిను వేయడు. ఇల్లంత బండి మరి. వంటగట్టు, స్నానాలగది, వెనకాల మంచం, అన్నీ అందులోనే. మనిషి లోపలున్నదీ దిగిపోయిందీ డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి తెలియదు. పెళ్ళై ఏడాది తిరగని రొవేనాకి ఆ పిలుపు మొదట్లో ఎంత ముద్దొచ్చిందో! అరవై దాటాక తను ఉందో లేదో అని ఒకాయన అంత ఆరా తీస్తుంటే మురిపెంగా ఉండదూ? పోయిన తన మొదటి మొగుడు, ఈవిడ ఇంట్లో ఉందో లేదో చూసిన పాపాన పోలేదు.

అమెరికా ఉత్తరాన తాముండే అయోవాలో మంచు మోకాళ్ళ దాకా పేరుకున్నాక ఇద్దరూ దక్షిణానికి బయలుదేరారు. తెల్ల ఇసుక దిబ్బల పార్కు చూశారు. అక్కణ్ణించి టూసాన్, పాత మిషన్ చర్చి, ఊరి బయట ముళ్ళచెట్ల ఎడారి. ఎక్కడ ఆగాలో, ఏ హోటల్లో ఏ బల్ల దగ్గర కూర్చోవాలో ఓరిన్ ముందే అనుకుని పెట్టుకున్నాడు. రొవేనా ఇంకో దారి చూపిస్తే "ఇటే బాగుంటుందిలే" అనేవాడు. అది ఐవీతో తిరిగిన దారని ఆవిడకి తెలుసు. ఐవీ అంటే ఓరిన్ మొదటి భార్య. చచ్చిపోయిన మనిషితో వంతులేమిటని రొవేనా ఊరుకుంది.

ఐవీ నిద్రలో పోయిందని ఓరిన్ చెప్పాడు. ఎక్కడ పడుకుని పోయిందని ఈవిడ అడగలేదు. అడగాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

టూసాన్‌లో ఇలాంటి బళ్ళు నిలిపే కాంపులో ఏటా చలికాలానికి వచ్చేవాళ్ళంతా పాత కాపులే. పక్క బండిలో ఉండే ఓపల్ అనే ఆవిడ మొదటి సాయంత్రమే ఉడికించిన చిక్కుడుగింజల గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె రొవేనా చేతిలో పెడుతూ, "పరుపు మార్పించాడా ఓరిన్?" అంది.

"ఏ పరుపు?"

"అదేనమ్మా, వెనక మంచం మీది. నేనైతే బండే అమ్మేసేదాన్ని. నీది గుండె కాదు, బండ."

రొవేనా గిన్నె పట్టుకునే లోపలికి వచ్చింది. ఓరిన్ స్టవ్వు దగ్గర కాఫీ కాస్తున్నాడు.

"ఐవీ ఈ మంచం మీదే పోయిందా?"

ఆయన స్టవ్వు కట్టేశాడు.

"చెట్లు రాళ్ళైపోయిన పార్కు చూసుకుని శాంటా ఫే వెళ్తున్నాం. తలనొప్పిగా ఉంది, కాసేపు వాలతానంది. దారిలో డీజిల్ పోయించి, ఉన్నావా అన్నాను. ఉన్నా, పోనీ అంది. ఇక దారంతా నేను చెబుతూనే ఉన్నాను, శాంటా ఫేలో ఏం తిందాం, ఎవరికేం కొందాం అని. రేడియో కూడా మోగుతోంది. చేరాక వెళ్ళి లేపితే ఒళ్ళు చల్లగా ఉంది."

"ఈ ముక్క నాకు ముందే చెప్పొద్దూ?"

"చెబితే బండెక్కేదానివా?"

"చచ్చినా ఎక్కను."

"అందుకే చెప్పలేదు. నన్ను పిలిచిందేమో, రొవేనా. రేడియో గోలలో నేను వినలేదేమో. అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

రొవేనాకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయగలదు? ఆ రాత్రి నుంచి భోజనాల బల్ల మడిచి, దాని పక్క సీట్ల మెత్తల మీద పడుకుంది. "ఉన్నావా?" అన్న పిలుపు ఇక ముద్దుగా అనిపించలేదు. తన జవాబు విన్నాక కూడా ఓరిన్ తల ఓ పక్కకి వాల్చి ఇంకేదో వినబోతున్నట్టుండేవాడు. ఈయన తనని ఎందుకు చేసుకున్నాడు? వెనక నుంచి జవాబు చెప్పడానికా? ఆ అనుమానం పురుగులా తొలిచింది.

టూసాన్ నుంచి శాంటా ఫే వెళ్తూ, అదే రాతి చెట్ల పార్కులోంచి బయలుదేరేటప్పుడు ఇంకోటి జరిగింది. ఓరిన్ "ఉన్నావా?" అన్నాడు. రొవేనా నోట్లో బిస్కెట్టుంది. మింగి జవాబు చెప్పేలోపే ఇంజిను మొదలైంది.

"నేనింకా అననే లేదే," అంది ముందుకి వచ్చి.

"అన్నావుగా."

"లేదంటుంటే."

ఓరిన్ అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూశాడు. కళ్ళలో మెరుపు లాంటిదేదో కనిపించింది. పెళ్ళినాడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు రొవేనా.

మధ్యాహ్నం దాటాక డీజిల్‌కి ఆగారు. చుట్టూ ఎర్రమట్టి, గాలి, రెండు పంపులు, ఓ కొట్టు. బండిలో మరుగుదొడ్డి ట్యాంకు నిండిపోయింది. తరువాతి కాంపులో గానీ ఖాళీ చేయడానికి లేదు. అందుకని రొవేనా పక్క తలుపు తీసుకుని కొట్లోకి వెళ్ళింది. ఓరిన్ అవతలి వైపు పంపు పట్టుకుని ఉన్నాడు, చూడలేదు. చెప్పి వెళ్ళాల్సిన పనేముంది, ఎలాగూ అడుగుతాడు కదా?

బయటికి వచ్చేసరికి బండి రోడ్డెక్కుతోంది.

"ఓరిన్!" అని అరుస్తూ పరిగెత్తింది. మోకాలు కలుక్కుమన్నా ఆగలేదు. రోడ్డు దాకా వెళ్ళి గొంతు చిరిగేలా పిలిచింది. బండి వెనకభాగం చిన్నదవుతూ చిన్నదవుతూ గుట్ట మలుపులో కలిసిపోయింది. కోటు బండిలో, ఫోను బండిలో, మొగుడు బండిలో.

కొట్లో ఉన్న నవాహో తెగ పెద్దావిడ తన ఫోనిచ్చింది. రొవేనాకి కంఠతా వచ్చింది తన నంబరొక్కటే, దానికే చేసింది. అందలేదు.

"కంగారు పడకు. ఈ ఇల్లు బళ్ళ వాళ్ళకి ఇది మామూలే," అంది పెద్దావిడ కాఫీ పోసిస్తూ. "కుక్కని మర్చిపోతే వెంటనే తిరిగొస్తారు. పెళ్ళాన్నైతే కాస్త ఆలస్యం."

రొవేనా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఓరిన్ అడగకుండా కదిలే మనిషి కాదు. అడిగే ఉంటాడు. ఉన్నా, పోనీ అని ఎవరో చెప్పే ఉంటారు. ఎవరన్నారో ఆవిడకి తెలుసు. తెలిసి వెన్నులో చలి పుట్టింది. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఓరిన్‌కి కావలసిన మనిషి దొరికేసింది కదా, ఇక వెనక్కి రావడం దేనికి?

లోపల కూర్చోలేక బయటే నిలబడింది. పొద్దు వాలింది. గాలి చెవుల్లో సూదుల్లా దిగుతోంది. పంపుల దగ్గర దీపాలు వెలిగాక బండి తిరిగి వచ్చింది.

ఓరిన్ దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వే అన్నావనుకుని..."

"నా మొహం చూసి చెప్పు."

ఆయన చూడలేకపోయాడు. "లేదు. మొదటి మాటకే తెలిసింది. ఐవీ గొంతే. తెలిసే తోలుకుపోయాను."

తిట్టాలని దాచుకున్న తిట్లన్నీ రొవేనా నోట్లోనే ఎండిపోయాయి. "ఎందుకు?" అని మాత్రం అంది.

"అడగాలిగా. ఆ రోజు నన్ను పిలిచావా అని అడిగాను."

"ఏమంది?"

"పిలిచానంది." ఓరిన్ బండి మెట్టు మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

రొవేనా ఏడవనిచ్చింది. తరువాత అంది, "నేనూ పిలిచాను. రోడ్డు దాకా పరిగెత్తి పిలిచాను. వినపడిందా?"

"లేదు."

"రేడియో ఉందా?"

"లేదు."

"ఈ బండి కదిలాక వినపడదంతే, ఓరిన్. ఆవిడ పిలిచింది, నీకు వినపడలేదు. తెలియాల్సింది తెలిసిపోయింది. ఇక నా సంగతి చెప్పు. నాకు మొగుడున్నాడా, లేడా?"

ఆయన చేత్తో మొహం తుడుచుకుని లేచాడు. "ఉన్నాడు."

"అయితే ఆవిణ్ణి దిగమని చెప్పు."

ఓరిన్ బండి వంక తిరిగి తల దించుకున్నాడు. రొవేనాయే పక్క తలుపు బార్లా తీసింది. "ఐవీ, నీ మాట ఆయనకి చేరింది. ఇక దిగమ్మా."

ఇలాంటి బండి ఎవరు ఎక్కినా దిగినా స్ప్రింగుల మీద కాస్త ఊగుతుంది. ఇప్పుడు ఇద్దరూ నేల మీదే ఉన్నారు. మెట్టు కిర్రుమంది. బండి ఒక్కసారి ఊగి నిలిచింది. ఓరిన్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

రొవేనా వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఓరిన్ ఏమీ అడగకుండానే ఇంజిను వేశాడు. రొవేనా ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే కదా, సంతోషం రావాలి కదా. రాలేదు. బండి కదులుతుంటే పక్క అద్దంలో ఇందాక తను నిలబడ్డ చోటు కనిపించింది. దీపం, దుమ్ము, ఖాళీ నేల. అక్కడ నిలబడితే ఎంత చలేస్తుందో, వెళ్ళిపోయే బండి ఎలా కనిపిస్తుందో రొవేనాకి తెలుసు.

"ఆపు," అంది.

"ఏమైంది?"

"ఈ చలిలో ఒక ఆడమనిషిని ఇక్కడ దింపేసి పోతే, నీకూ నాకూ తేడా ఏముంది?"

వెనక్కి వెళ్ళి తలుపు తీసింది. చీకట్లోకి చూస్తూ, "ఎక్కు, ఐవీ," అంది. "శాంటా ఫే దాకా కలిసే పోదాం. తరువాతి సంగతి తరువాత."

ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. ఎక్కదేమోనని రొవేనాకి నిజంగా భయమేసింది. ఆ భయం చూసి తనకే ఆశ్చర్యం వేసింది. అప్పుడు మెట్టు కిర్రుమంది, బండి ఊగింది. రొవేనా తలుపు వేసి, వెనక మంచం మీద దుప్పటి సరిచేసి, వచ్చి ముందు కూర్చుంది.

శాంటా ఫే చేరేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వెనక నుంచి ఐవీ పిలుస్తుందేమోనని వింటూ కూర్చున్నారు.