మొగులయ్య తోమిన బంతి

క్రికెట్ బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కొన్న మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన మొగులయ్య. ఉప్పుగూడలో ఆయనకు బర్రెల షెడ్డు ఉంది. హుస్సేనీ ఆలంలో ఉన్న మా ఇంటికి పొద్దున్నే పాలు పోస్తాడు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన పాలే తాగుతున్నాం, ఆయన కబుర్లే వింటున్నాం. పాలలో నీళ్ళు కలపడని పేరుంది. కబుర్ల విషయంలో ఆ పట్టింపు లేదు.

పత్తర్‌గట్టిలో మాది ఆటసామాన్ల దుకాణం. మా మామగారు అమరనాథ్ గల్లా దగ్గర కూర్చుంటారు, మా ఆయన నిఖిలేష్ ఫోన్ దగ్గర కూర్చుంటాడు, నేను నిలబడి పని చేస్తాను. ఇది చాడీ కాదు, ఉన్నమాట. తోలు బంతుల సంగతి మా ఇంట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒకసారి సరుకు కోసం ఇద్దరం జలంధర్ వెళ్ళినప్పుడు, బంతులు కుట్టే చోట నేను పొద్దంతా కూర్చుని చూశాను. మా ఆయన ఆ పొద్దంతా లస్సీ తాగాడు.

ఆ శుక్రవారం మొగులయ్య తన మనవరాలు స్రవంతిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. స్రవంతికి పద్దెనిమిదేళ్ళు. సందులో మగపిల్లల వికెట్లు పడగొట్టీ పడగొట్టీ, చివరికి ఆమె చేతికి బంతి ఇవ్వకూడదని వాళ్ళంతా ఒట్టు పెట్టుకునే దాకా తెచ్చింది. తర్వాత కాలేజీలో తోలు బంతి పట్టుకుంది. ఆదివారం నాడు పందొమ్మిదేళ్ళలోపు ఆడపిల్లల జట్టుకు ఎంపిక. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, కాబట్టి ఆమెకు ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

కోచ్ డానియేలు సార్‌కు ఒక పట్టింపు ఉంది. బౌలర్ తన బంతి తనే తెచ్చుకోవాలి. అది కొత్తది కావాలి, నాలుగు ముక్కలది కావాలి. తన బంతి గుణం తెలియని మనిషి బౌలరే కాదని ఆయన వాదన.

"నాల్గు ముక్కలదేంది బిడ్డా? పల్గినదా?" అన్నాడు మొగులయ్య.

"తాతా, నువ్వు జెర సప్పుడు జెయ్యకు" అంది స్రవంతి.

గిరాకీలకు చూపడానికి సగానికి కోసిన బంతులు రెండు కౌంటర్ కింద ఉంచుతాను. వాటిని తీసి ఆయన ముందు పెట్టాను. నడిమధ్యన కార్కు బెండు గుండు. దాని చుట్టూ తడిపి బిగించి చుట్టిన ఊలు దారం, దాని మీద మళ్ళీ పలచగా బెండు, మళ్ళీ దారం.

"ఇది దీని కడుపు బాపు. గీ దారం బిగుతుగ చుట్టకపోతే నాలుగు దెబ్బలకే సొట్టపోతది" అన్నాను.

పైన తోలు. పటికతో పదును చేసి, ఎర్రరంగు పట్టించిన తోలు. చవక రకం బంతికి గిన్నెల్లాంటి రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి కుట్టేస్తారు. పిల్లల ప్రాక్టీసుకు అది చాలు, కానీ ఆ తోలు సాగిపోతుంది, బంతి తొందరగా గుండ్రం తప్పుతుంది. మంచి బంతికి నాలుగు ముక్కలు కోస్తారు. రెండేసి ముక్కలను లోపలి వైపు నుంచి, పైకి కుట్టు కనబడకుండా కలిపి ఒక గిన్నె చేస్తారు. అలాంటి రెండు గిన్నెలను ఆ కడుపు మీద మూసి, నడుము చుట్టూ ఆరు వరసల కుట్టు వేస్తారు.

"మిషన్ కుట్టు తొందరగ అణిగిపోతది. చేతి కుట్టు గిట్ల గట్టు లెక్క లేచి ఉంటది, శానసేపు నిలుస్తది. ఈ గట్టు నేలకు తాకితేనే బంతి అటో ఇటో మల్లుతది."

"మరి గీ మెరుపు?"

"అది గాలిల వంకర పోనీకి. ఒక పక్క మెరవాలె, ఇంకో పక్క..."

ఆయన చెవులు అక్కడితో మూసుకున్నాయని నాకు అప్పుడు తెలియదు. నేను చేతికుట్టు బంతి ఒకటి తీసి ఇచ్చాను. దాన్ని నొక్కి చూశాడు, వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టి ఊపాడు. నోరు తెరిచి పళ్ళు చూడడం ఒక్కటే తక్కువ.

"తోలు మస్తుంది" అన్నాడు. బేరం కుదిరింది. తాతా మనవరాలూ వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున మా ఇంటి తలుపు దబదబ మోగింది. తీస్తే ఎదురుగా స్రవంతి. క్రికెట్ బట్టలు వేసుకుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో బంతి డబ్బా. వెనక మెట్ల కింద మొగులయ్య నిలబడి మా గేటుకు వేసిన రంగును పరీక్షగా చూస్తున్నాడు. ఆ రంగు వేసి చాలా ఏళ్ళయింది, చూడడానికి అందులో ఏమీ లేదు.

డబ్బా తెరిచాను. శుక్రవారం నేనిచ్చిన బంతి నిగనిగలాడే ఎర్రని బంతి. ఇప్పుడు డబ్బాలో ఉన్నది మాగిపోయిన నేరేడు పండు. చేతిలోకి తీసుకుంటే జారింది. పుల్లని పెరుగు కంపు. పైగా కుట్టు వెంబడి నల్లదారం ఒకటి కట్టి ఉంది, దిష్టి తగలకుండా.

"ఏమైంది దీనికి?"

"మా తాతనే అడుగు అక్కా. నేనడిగితే గేటు దిక్కు చూస్తుండు."

"ఏం జేసినవ్ బాపు?"

"ఏం జెయ్యలే రశ్మమ్మా. పెరుగు పెట్టి కడిగిన."

"గంతేనా?"

"జెర నూనె రాసిన."

"జెర అంటే ఎంత?"

"అది తాగినంత" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. దీపావళి మర్నాడు, దున్నపోతులను అలంకరించి ఊరేగించే సదర్ పండుగలో మొగులయ్య దున్నపోతు వస్తుంటే జనం దాని కొమ్ములు చూడరు, పూలదండలు చూడరు, తోలు చూస్తారు. పెరుగుతో తోమి, కడిగి, నూనె పట్టించి, మళ్ళీ తోమి దాన్ని ఎలా తయారు చేస్తాడంటే, పక్కన నిలబడి తల దువ్వుకోవచ్చు. ఆయనకు చేతనైన పనుల్లో అదే గొప్పది. ఆ గొప్ప పనిని తీసుకొచ్చి బంతి మీద చేశాడు.

"ఇది దున్నపోతా బాపు? మెరిసేది తోలు కాదు, పైన పూసిన పాలిష్. నువ్వు పెరుగు పెట్టి పాలిష్ లేపినవ్, నూనె పోసి తోలు నానబెట్టినవ్. ఆ పిల్ల ఇప్పుడు దేంతోని వెయ్యాలె? నీ పాలక్యాన్ మూతతోనా?" అని అరిచాను. నాకు కోపం వస్తే పెద్దాచిన్నా చూడను, ఆ పేరు నాకు ఎలాగూ ఉంది.

ఆయన నా వైపు చూడలేదు. "పెద్దసార్ల ముంగట నిలబడ్తది గద బిడ్డా. నా దున్నపోతునే తోమకుండ బజార్ల తేను. నా మనవరాలి బంతిని గట్లనే ఎట్ల పంపాలె?"

నా కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగాన్ని దిగనివ్వకుండా పట్టుకున్నాను, ఎందుకంటే స్రవంతి మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది.

ఇంకో బంతి ఇద్దామంటే లేదు. ఆ ఎంపిక పుణ్యమా అని నాలుగు ముక్కల బంతులన్నీ ఆ వారంలోనే అమ్ముడైపోయాయి. దుకాణంలో మిగిలినవి రెండు ముక్కలవే, వాటిని డానియేలు సార్ ముట్టుకోడు. ఆ పొద్దున వేరే దుకాణం ఏదీ తెరిచి ఉండదు. ఈ లొల్లికి మా ఆయన నిద్రలేచి వచ్చి, హెయిర్ డ్రయర్ పెడితే ఆరుతుంది కదా అన్నాడు. వేడికి తోలు పగులుతుందని చెప్పి మళ్ళీ పడుకోమన్నాను.

నల్లదారం తెంపాను. పాత బనియన్ ముక్కతో బంతిని వత్తి వత్తి తుడిచాను. మా అత్తగారి పౌడర్ డబ్బా సగం ఖాళీ చేసి మళ్ళీ తుడిచాను. జిడ్డు తగ్గింది. మెరుపు మాత్రం ఇక రాదు, తోలు మెత్తబడింది, బరువు కూడా కొంచెం పెరిగింది. చివరికి కుట్టు మీద గోరు పెట్టి చుట్టూ లాగాను. ప్రతి పోగూ గోరుకు తగిలింది.

"ఇటు చూడు స్రవంతీ. దీని తోలు ఖరాబైంది, కుట్టు కాలేదు. గాలిల తిప్పుతనని చూడకు, తిరగది. కుట్టు నిలబెట్టి నేలకు గట్టిగ కొట్టు."

"నాకు వచ్చిందే గాలిల తిప్పుడు అక్కా. ఏడాది సంది గదే నేర్చుకున్న."

"అయితే ఇయ్యాల ఇంకోటి నేర్చుకో."

చెప్పడం తేలికే. నా ఎంపిక కాదు కదా. తాతా మనవరాలిని అలా పంపడానికి మనసొప్పక నేనూ వాళ్ళ వెంట బయలుదేరాను.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి మైదానంలో అప్పటికే ఎంపిక మొదలైంది. స్రవంతి వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది. డానియేలు సార్ ఆమె బంతిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, తర్వాత ఆయన కూడా వాసన చూశాడు.

"ఏందమ్మా ఇది? పెరుగన్నంలో పెట్టి తెచ్చినవా?"

చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వారు. పొద్దున్నించీ తాతను తిట్టిన స్రవంతి మొహం ఎర్రబడింది. "మా తాత తోమిండు సార్. నాకు మంచిగ కావాలని తోమిండు. ఏం గాదు, వేస్త" అంది.

మొగులయ్య ఆ మాట విన్నాడు. గీత బయట నా పక్కన నిలబడ్డవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

మొదటి ఓవర్ ఘోరం. అలవాటు మనిషిని అంత తొందరగా వదలదు. స్రవంతి ఎప్పటిలాగే గాలిలో తిప్పాలని చూసింది. బంతి తిన్నగా, బుద్ధిగా వెళ్ళి బ్యాట్ మధ్యలో పడింది. ఎదురుగా ఉన్న పొడుగుపిల్ల దాన్ని కావలసిన చోటికల్లా పంపించింది. ఒకటి మా కాళ్ళ ముందు నుంచే పోయింది. మొగులయ్య దాన్ని ఆపడానికి కూడా వంగలేదు, దాన్ని ఇంకోసారి ముట్టుకోవడానికి భయపడ్డాడు. ఆ పిల్ల జట్టులోకి రాకపోతే ఈ ముసలాయన బతికినన్నాళ్ళూ తనను తాను క్షమించుకోడని నాకు తెలుసు.

రెండో ఓవర్‌కు ముందు స్రవంతి ఆగింది. బంతి చుట్టూ గోరు తిప్పింది. పరుగు కొంచెం తగ్గించింది, ఎత్తు నుంచి మణికట్టు నిటారుగా పెట్టి నేలకు బలంగా కొట్టింది. పిచ్ మీద పడ్డ బంతి ఉన్నట్టుండి లోపలికి మళ్ళింది. పొడుగుపిల్ల బ్యాట్‌ను అప్పటికే వేరే చోట పెట్టింది. బంతి వచ్చి మోకాలికి తగిలింది. ఆ తర్వాతది బయటికి మళ్ళి బ్యాట్ అంచును ముట్టుకుని కీపర్ చేతిలో పడింది. చివరికి ఒకటి మధ్య వికెట్‌ను ఊడపెరికింది. ఎవరు ఏమనుకుంటారో చూసుకోకుండా నేను ఈల వేశాను. పత్తర్‌గట్టిలో ఎవరైనా చూసి ఉంటే మా మామగారికి చేరవేసేవారు.

డానియేలు సార్ వచ్చి బంతి తీసుకున్నాడు. "మొదటి ఓవర్ గాలిల తిప్పబోయినవ్. మరి ఎందుకు మార్చినవ్?"

"దీనికి మెరుపు లేదు సార్. కుట్టుంది" అంది స్రవంతి.

ఆయన తల ఊపి, బంతిని ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. అందరి వంతూ అయ్యాక పిల్లలను నిలబెట్టి పేర్లు చదివాడు. ఒక్కొక్క పేరే పిలుస్తుంటే మొగులయ్య నా కొంగు చివర పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు ఆయనకు తెలియదు. ఆఖరుకు చదివిన పేరు స్రవంతిది.

ఆ పిల్ల ఎగిరి గంతేసింది. మొగులయ్య మాత్రం నా కొంగు వదలలేదు. గొంతు తగ్గించి, "రశ్మమ్మా, నిజం చెప్పు. నేను నూనె రాయవట్టే బంతి గట్ల మల్లిందా?" అని అడిగాడు.

ఆ మొహంలో ఎంత ఆశ! అవునంటే నా సొమ్మేం పోదు. ముసలాయన ఆ మాటతో పదేళ్ళు బతుకుతాడు, ఊరంతా చెప్పుకుంటాడు. కానీ ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ పిల్లను చూస్తే అబద్ధం నోటికి రాలేదు.

"లేదు బాపు. నువ్వు పూరా ఖరాబ్ చేసినవ్. గెలిచింది ఆమె" అన్నాను.

ఆయన నేల వైపు చూశాడు. అనవసరంగా అన్నానేమో అనిపించి నా మనసు చివుక్కుమంది. ఇంతలో ఆయన తల ఎత్తాడు, మీసం కింద నవ్వు మొదలైంది. "నేను గింత ఖరాబ్ చేసినా గెల్చిందా?" అని తనలో తనే అన్నాడు. వెంటనే మైదానం మధ్యలోకి నడిచాడు. డానియేలు సార్‌ను, వికెట్లు పీకుతున్న పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను, పల్లీలమ్మే ఆయనను ఒక్కొక్కరినే ఆపి చెప్పడం మొదలుపెట్టాడు.

"బంతి ఖరాబ్ చేసింది నేనే సార్. నేనే. అయినా మా పిల్ల కొట్టుకొచ్చింది."

స్రవంతి సిగ్గుతో తల పట్టుకుంది. తర్వాత పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఇంకొకరికి చెప్పబోతున్న తాతను వెనక నుంచి గట్టిగా వాటేసుకుంది.