ఐసు పెట్టె లేని క్యాంపు

జనవరిలో అబ్బాయిలు నాలుగు రోజుల క్యాంపుకు వెళ్లివచ్చారు. రెండు జీపులు, ఒక వంటమనిషి, నాలుగు ఐసు పెట్టెలు వాళ్ల వెంట వెళ్లాయి. వాళ్లు తిరిగొచ్చిన మూడో రోజున నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఆహారం చల్లగా నిలవ ఉంచే సౌకర్యం లేనందున ఈ ఏడు అమ్మాయిల క్యాంపు రద్దు చేశామని అందులో ఉంది.

రజిని ఆ కాగితాన్ని పీకి, చేత్తో పట్టుకుని బడి కమిటీ సెక్రటరీ గదిలోకి నడిచింది. మహారాష్ట్ర సరిహద్దులో, రాజురాలోని ఆ బడిలో ఆమె పీటీ టీచరు. ఇరవై తొమ్మిదేళ్లు. అదే బడిలో చదువుకుంది. తన చిన్నప్పుడూ అబ్బాయిల జీపులు వెళ్తుంటే అమ్మాయిలు గేటు దగ్గర నిలబడి చేతులూపేవాళ్లు. ఈసారి గేటు దగ్గర ఎవరూ నిలబడకూడదని ఆమె పట్టుదల. పన్నెండు మంది అమ్మాయిలకు నెల రోజులుగా గుడారం కట్టడం, నిప్పు రాజేయడం నేర్పించింది.

"ఐసు పెట్టెలు ఏమైనయి సార్?" అని అడిగింది.

సెక్రటరీ బాపయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోర్పనా వైపు పత్తి పండించే పాత రైతు కుటుంబం ఆయనది. తెలుగువాళ్లతో తెలుగులోనే మాట్లాడతాడు.

"రెండు పగిలినయి. జీపు మరమ్మతుల ఉన్నది. పాలు, పనీరు, గుడ్లు ఎట్ల తీస్కపోతవు? మూడేండ్ల కింద ఏమైందో నీకెరుకనే గద."

ఎరుకే. అబ్బాయిల క్యాంపులో ఐసు కరిగిపోయి పనీరు పాడైంది. అది తిన్నవాళ్లలో పదకొండు మందికి వాంతులు. ఇద్దరు పిల్లలు చంద్రపూర్‌లో మూడు రోజులు సెలైన్ మీద ఉన్నారు. ఆ మూడు రోజులూ బాపయ్య ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తల్లిదండ్రుల తిట్లు తిన్నాడు. ఆయన భయం నాటకం కాదని రజినికి తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది.

"ఐసు కరిగింది పోరగాండ్ల క్యాంపుల సార్. మరి బందు పెట్టేది మా పోరీల క్యాంపా?"

"జర నోరు అదుపుల పెట్టుకో, మేడం."

"మాకు పనీరు వద్దు. పాలు వద్దు. ఐసే వద్దు. నాలుగు రోజుల తిండి రాసి తెస్త. సదివినంక చెప్పుండ్రి."

బాపయ్య నవ్వాడు. "రాసి తే. సూద్దాం."

రజిని వాళ్లది సాస్తి కాలనీ. తండ్రి ఎల్లన్న సాస్తి ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపి నిరుడే రిటైరయ్యాడు. తల్లి మల్లమ్మ మందమర్రి నుంచి పెళ్లయి ఇక్కడికొచ్చి, ముప్పై ఏళ్లు అతని అన్నం డబ్బా కట్టింది. మే నెలలో డంపర్ క్యాబిన్ పొయ్యిలా కాలుతుంది. ఆ వేడిలో ఎనిమిది గంటలు ఉన్న అన్నం ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు పులుస్తుందో ఆమెకు వాసన చూడకుండానే తెలుసు.

సాయంత్రం విద్య కూడా వచ్చింది. క్యాంపుకు పేరిచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల. నాన్న గట్టయ్య బొగ్గు లారీ నడుపుతాడు. నోట్‌బుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని మల్లమ్మ ముందు కూర్చుంది. ముగ్గురిలో తెలుగు రాయడం వచ్చినవాళ్లు లేరు. విద్య తెలుగు మాటల్నే మరాఠీ అక్షరాల్లో రాయసాగింది.

"అన్నిటికన్న జల్ది ఖరాబయ్యేది ఏది?" అని మల్లమ్మే మొదట అడిగింది.

"గుడ్డా, అవ్వా?" అంది రజిని.

"ఉడకబెట్టిన గుడ్డు. గది మొదటి రోజు పొద్దుగాల్నే తినేయాలె. టమాట రెండో రోజు దాక. గుమ్మడికాయ కొయ్యకుంటె నెలైనా ఏం గాదు, కోసినవా, గదే పూట అయిపోవాలె. తడి తాకినదాన్ని ముందు తినుండ్రి. పొడిది ఎనకకు పెట్టుండ్రి."

"పప్పు మిగిలితే?" అని విద్య అడిగింది.

"మిగలొద్దు. ఎంతమంది తింటరో లెక్కవెట్టి పొయ్యి మీద పెట్టు. మిగిలితే తెల్లారి తినుడు లేదు, కుక్కకే."

అలా ఒక్కో పూటా నిండింది. మొదటి రోజు ఇంటి నుంచి చపాతీలు, ఆలుగడ్డ వేపుడు, గుడ్లు. రాత్రికి గుమ్మడికాయ కూర. రెండో రోజు కందిపప్పు, అన్నం, టమాట తొక్కు. మూడో రోజు పెసరపప్పు కిచిడి, వడియాలు, మామిడి ఒరుగులు. నాలుగో రోజుకు నిప్పు మీద కరకరలాడేలా ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, బెల్లం. పొయ్యి వెలిగించడం కుదరని పూటకు అటుకులు, పచ్చి పులుసు. చాయ్‌కి పాలపొడి.

"పులిహోర గూడ రాయుండ్రి. చింతపండు, నూనె మంచిగ వేస్తే మూడు రోజులుంటది" అంది మల్లమ్మ. విద్య రాసింది.

మర్నాడు బాపయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మరాఠీ అక్షరాల్లో 'పచ్చి పులుసు' అనే మాట దగ్గర ఆగి పెదవులు కదిలించుకున్నాడు.

"కాగితం మీద ఏదైనా నిలువ ఉంటది మేడం."

"అయితే మీ కండ్ల ముంగటనే పెడత. సైకిల్ స్టాండుల, ఆ రేకుల కింద. మూడు రోజులు. తాళం మీరే వేసుకోండ్రి. నాల్గో రోజు మీరంతా చూస్తుండగ నేను తింట."

అలా అనాలని ఆమె అనుకుని రాలేదు. నోటి నుంచి వచ్చేసింది. బాపయ్య ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి మొదటి వారానికే ఎండ ముదిరింది. మధ్యాహ్నం రేకుల మీద చేయి పెట్టలేకపోయేవాళ్లు. పిల్లలు ఇంటర్వెల్‌లో వచ్చి తాళం వేసిన ఇనుప అల్మారా చుట్టూ తిరిగి వాసన చూసేవాళ్లు. నాలుగో రోజు పదకొండు గంటలకు సెక్రటరీ, ఇద్దరు కమిటీ సభ్యులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. క్యాంపుకు పేర్లిచ్చిన అమ్మాయిలు గోడ వారన నిలబడ్డారు.

రజిని ఒక్కో డబ్బా తెరిచింది. జొన్నరొట్టె విరిస్తే టక్కుమంది. నమిలి మింగింది. పల్లీల పొడి, వడియాలు, అటుకులు, ఒరుగులు అన్నీ తింది. చింతపండు నానబెట్టి, ఉల్లిగడ్డ తరిగి, అప్పటికప్పుడు పచ్చి పులుసు కలిపి తాగింది. చివరికి పులిహోర డబ్బా మూత తీసింది. తీయగానే తెలిసింది. మెతుకులు జిగటగా ఉన్నాయి. పుల్లటి వాసన వేరేగా ఉంది.

వెనక్కి తిరిగి మూత పెట్టేసి ఉంటే ఎవరూ చూసేవాళ్లు కాదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బాగుందని చెప్పినా నమ్మేవాళ్లు. రజిని డబ్బా ఎత్తి కమిటీకి చూపించింది.

"ఇది ఖరాబైంది. లిస్టుల నుంచి తీసేస్తున్న" అని, నేరుగా వెళ్లి చెత్త గుంతలో పోసి వచ్చింది.

బాపయ్య లేచి నిలబడ్డాడు. "చూసిన్రు గద. ఒకటి ఖరాబైంది. గది ఒక పోరి తిని పడిపోతే ఎవరు జవాబుదారి? పర్మిషన్ లేదు."

"ఖరాబైందని చెప్పింది నేనే గద సార్! ఇక్కడ తెలిసింది గాబట్టి అక్కడ తినం. గందుకే గద పరీక్ష పెట్టింది!"

"మాట అయిపోయింది మేడం."

కుర్చీలు లోపలికి వెళ్లిపోయాయి. అమ్మాయిల్లో ఇద్దరు ఏడుస్తున్నారు. రజిని డబ్బాలు సంచీలో సర్దుకుంది. ఆ సాయంత్రం స్కూటీ మీద పన్నెండు ఇళ్లకూ వెళ్లింది. ప్రతి ఇంట్లో ఒకే మాట చెప్పింది: "బడి పేరు లేదు, బడి గుడారాలు లేవు. నా పేరు మీద తీస్కపోత. మీకు నమ్మకముంటే పంపుండ్రి."

ఆఖరి ఇల్లు గట్టయ్యది. అతను లారీ కింది నుంచి గ్రీసు చేతులతో బయటికొచ్చి అంతా విన్నాడు.

"పులిహోర పారబోసింది నువ్వేనట గదమ్మా. నా బిడ్డ చెప్పింది. నీ ఎంబడి పంపుత. కోర్పనా అవతల గుట్ట కింద మా అన్న చేను ఉన్నది, బాయి ఉన్నది. నా లారీ టార్పాలిన్లు తీస్కపో. వాటికంటె పెద్ద గుడారం బడికి గూడ లేదు."

పదకొండు ఇళ్లు ఒప్పుకున్నాయి. కాదన్న ఒక్క ఇంటి పిల్ల, బయల్దేరే రోజు పొద్దున వాళ్లమ్మను వెంటబెట్టుకుని సంచీతో వచ్చేసింది. ఆ తల్లి పిల్ల చెయ్యి రజిని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

శివాజీ జయంతి సెలవు గురువారం పడింది. శుక్ర, శనివారాలకు రజిని సెలవు పెట్టింది. ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేలా అందరూ గట్టయ్య లారీ ఎక్కారు. మొదటి రోజు రాసుకున్నట్టే గడిచింది. చేనులో రెండు టార్పాలిన్ గుడారాలు లేచాయి. గుమ్మడికాయ కూర గిన్నె అడుగు దాకా ఊడ్చుకుని తిన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. పావుగంటలో వడగండ్లు. పిల్లలు చేతికందిన సంచులు పట్టుకుని చేను గట్టు మీదున్న పశువుల కొట్టంలోకి పరిగెత్తారు. వాన వెలిశాక బయటికొచ్చి చూస్తే పొయ్యిలు కొట్టుకుపోయాయి. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఒక గుడారం కూలింది. బియ్యం సంచీ సగం దాకా తడిసింది.

రజిని తడి బట్టలతోనే కొట్టం మెట్టు మీద కూర్చుంది. గట్టయ్యకు ఫోన్ చేసి లారీ తెమ్మందామా అనుకుంది. పేరు తీసి వేలు దాని మీద పెట్టింది కూడా.

"ఎవలికి మ్యాడం ఫోను?" విద్య ఎదురుగా నిలబడింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"పప్పు, అన్నం ఎట్ల వండుతం విద్యా? కట్టెల్లేవు."

"నాలుగో రోజుది ఇయ్యాల తిందం. పచ్చి పులుసుకు పొయ్యెందుకు? అటుకులకు పొయ్యెందుకు? కట్టెలు ఎండినంక తడిసిన బియ్యమే మొదలు వండుదం. మల్లమ్మ అవ్వ చెప్పింది గదే గద, తడి తాకినది ముందు తినుమని. చాలేల్ మ్యాడం, నడుస్తది!"

మిగతా పిల్లలు అప్పటికే ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. రజిని ఫోను జేబులో పెట్టుకుంది. ముందు బియ్యం తీసి పొడి గుడ్డ మీద పల్చగా ఆరబోయించింది. తర్వాత కూలిన గుడారం నిలబెట్టారు. ఆ రాత్రి జొన్నరొట్టెలు పచ్చి పులుసులో ముంచుకుని తింటూ, ఇంత రుచి ఇంట్లో ఎందుకు రాదని ఒక పిల్ల అడిగింది. ఇంట్లో వడగండ్లు పడవు గాబట్టి అని ఇంకొకతె జవాబిచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి బురదలో జారుతూ ఒక జీపు వచ్చింది. బాపయ్య దిగాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వడగండ్లు పడ్డయని తెలిసి, గట్టయ్యను జాగ అడిగి వచ్చిన. అందరు మంచిగనే ఉన్నరా? ఎవలికన్న కడుపునొప్పి? వాంతులు?"

ఒక్కో పిల్లను పేరు పెట్టి అడిగాడు. అందరూ లేదన్నారు. గిన్నెల మూతలు తీసి చూశాడు, వాసన చూశాడు. అప్పుడే కలిపిన పచ్చి పులుసు అరచేతిలో పోయించుకుని నాలుకకు తాకించాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ తర్వాత గొంతు గట్టి చేసుకున్నాడు. "సంచులు సర్దుండ్రి. జీపెక్కుండ్రి. రెండు ట్రిప్పులల్ల దింపుత."

ఎవరూ కదల్లేదు.

"మీ మంచికే చెప్తున్న. ఆ దవాఖాన బెంచి మీద కూసున్నది నేను, మీరు గాదు."

"ఆ భయం నాకు ఎరుకనే సార్" అంది రజిని మెల్లగా. "ఆ పిల్లలు బతికి ఇంటికొచ్చిన్రు. మరుసటేడు వాళ్లను మళ్ల పంపిన్రు. భయపడుకుంటనే పంపిన్రు. మమ్ములను గూడ గట్లనే పంపుండ్రి."

బాపయ్య పిల్లల వైపు తిరిగాడు. విద్య లేచి నిలబడింది కానీ జీపు వైపు అడుగు వేయలేదు.

"సార్, రేపు సాయంత్రం దాక మా తిండి ఉన్నది. గది అయిపోయినంక వస్తం."

ఆయన చెప్పుల నిండా బురద. చివరికి ఒక్కడే జీపెక్కి వెళ్లిపోయాడు. జీపు మలుపు తిరిగేదాకా పిల్లలు అటే చూశారు. తర్వాత కట్టెలు ఎండలో పరిచారు. మధ్యాహ్నానికి తడిసిన బియ్యంతో కిచిడి ఉడికింది. ఆదివారం రాత్రికి పన్నెండు మందీ తమ తమ ఇళ్లకు చేరారు.

సోమవారం రజిని చేతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా విద్యార్థినులను బయటికి తీసుకెళ్లినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలని ఉంది. స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు టీచర్లు క్షమాపణ రాసి వదిలించుకొమ్మని సలహా ఇచ్చారు. రజిని అక్కడే కూర్చుని మరాఠీలో నాలుగు వాక్యాలు రాసింది. పన్నెండు మంది అమ్మాయిలు తల్లిదండ్రుల ఇష్టంతో నా వెంట వచ్చారు. పన్నెండు మందీ ఆరోగ్యంగా ఇంటికి చేరారు. నేను తప్పు చేశాననుకోవడం లేదు. వచ్చే ఏడూ వెళ్తాం.

ఆ జవాబు మీద ఏ చర్యా రాలేదు, ఏ మాటా రాలేదు. జూన్‌లో బడి తెరిచాక స్టాఫ్ రూము గోడకు కొత్త క్యాలెండరు తగిలించారు. జనవరి రెండో వారం మీద అబ్బాయిల క్యాంపు అని అచ్చులో ఉంది. ఫిబ్రవరి ఖాళీ. రజిని బల్ల మీద నుంచి ఎర్ర పెన్ను తీసుకుని, అందరూ చూస్తుండగా ఆ ఖాళీలో పెద్ద అక్షరాలతో 'అమ్మాయిల క్యాంపు' అని రాసింది.

వారం తిరిగేసరికి ఇరవై ఆరు మంది అమ్మాయిలు ఆమె దగ్గరికొచ్చి పేర్లిచ్చారు.