కుడితి గోలెంలో మోటారు

గేదెకి కుడితి కలుపుతుండగా ప్రమీలారాణికి కబురొచ్చింది. కృష్ణానదికి అవతలి ఊళ్ళో ఉన్న అమ్మకి పక్షవాతం. మాట పడిపోయి, గుమ్మంకేసే చూస్తోందట. చేతులు తుడుచుకుంటూ భర్త దగ్గరికి పరిగెత్తింది. వెంకటరత్నం జగ్గయ్యపేట బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్నాడు. "వెళ్దువుగానిలే, మోటారు బాగవనీ," అన్నాడు.

ఆ మాటకి ఆరేళ్ళు. పెళ్ళయిన కొత్తలో మామగారు ముక్త్యాల రేవులో పడవకి మోటారు బిగించి, అవతలి గట్టు మిరప చేలకి వెళ్తూ కోడల్నీ ఎక్కించుకునేవాడు. పదిహేను రోజులకోసారి, అరగంటలో అమ్మ ముందుండేది. మహానుభావుడు, పడవ నడపడం కూడా ఆయనే నేర్పాడు. ఆయన పోయిన నెలకే మోటారు ఆగిపోయింది. లోపల ఏదో సామాను విరిగిందనీ, మద్రాసు నుంచి రావాలనీ భర్త చెప్పాడు. ఆ మద్రాసు ఎంత దూరమో ఏమో, ఇప్పటిదాకా రాలేదు. పడవని జాలర్లు వాడుకుంటున్నారు. కూలీలెక్కే తెడ్ల పడవ రోజూ తిరుగుతూనే ఉంది గానీ, మనింటి ఆడాళ్ళు వాళ్ళ పక్కన కూర్చోవడమేంటన్నారు అత్తగారు. పోనీ బెజవాడ మీదుగా బస్సులు మారి వెళ్తానంటే, ఒక్కదానివేనా, గేదెకి పాలెవరు తీస్తారన్నారు. ఏడాదికోసారి ఏ పెళ్ళికో భర్త వెంట వెళ్ళి, ఆయన వెంటే తిరిగొచ్చింది.

ఇదే ప్రమీల, చేలో ఆయిలింజన్ మొరాయిస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తొస్తుంది. పాలేరు రాని రోజల్లా దాన్ని ఊడదీసి కడగడం, హ్యాండిల్ తిప్పడం ఆమె వంతే. "నీ చెయ్యి పడితే గానీ అది పలకదే," అని భర్త మెచ్చుకుంటాడు. మెప్పుకి ఖర్చేముంది! భుజం పట్టేసిన రోజు కాపడం పెట్టిన నాథుడు లేడు. అంత ఇంజనే తన మాట వింటుంటే, కొట్టంలో గోనెపట్టా కప్పుకుని పడున్న మోటారుని తను ఒక్కసారైనా ఎందుకు విప్పి చూడలేదు? మగాళ్ళ సామాను అన్నారు, నమ్మింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

భర్త వెళ్ళగానే కూలిపనికొచ్చే బేబిని కేకేసింది. ఇద్దరూ మోటారుని మోసుకొచ్చి కుడితి గోలెం అంచుకి బిగించారు. దాని కింది భాగం నీళ్ళలో మునిగి ఉంటేనే తిప్పాలి, లేకపోతే కాలిపోతుంది. తొందరలో కుడితి పారబోయడం మర్చిపోయింది. తాడు రెండుసార్లు లాగేసరికి, నీళ్ళు పీల్చే బెజ్జం నిండా తవుడు కూరుకుపోయింది. గేదె నోటికాడ కుడితి పాడుచేశావని అత్తగారు వసారాలోంచి శాపనార్థాలు మొదలెట్టారు. ప్రమీల బెజ్జంలో తవుడు తీసి, గోలెం కడిగి మంచినీళ్ళు నింపింది. ప్లగ్గు గీకింది. భర్త దాచుకున్న డబ్బాలోంచి పెట్రోలు తీసి, ఆయిలు కలిపి పోసింది. మళ్ళీ లాగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పెట్రోలు గొట్టం ఊడదీసి నోటితో ఊదింది. గాలి పోలేదు. చీపురుపుల్లతో పొడిస్తే, గట్టిగా చుట్టి కుక్కిన గుడ్డపేలిక బయటికొచ్చింది. ఎంత జిడ్డు పట్టినా అంచు తెలుస్తూనే ఉంది. వెంకటరత్నం పంచె ముక్క అది. వారం వారం ఆ పంచెలకి సబ్బు పెట్టేది తనే, ఆ ముదురాకుపచ్చ అంచు పోల్చుకోలేదూ?

విరిగిన సామానంటూ ఏదీ లేదు. ప్రమీల గోలెం పక్కన చతికిలబడి ఏడ్చింది. అమ్మకి తల దువ్వలేకపోయిన ఆరేళ్ళకీ కలిపి ఏడ్చింది. బేబి వచ్చి పక్కనే కూర్చుంది. కాసేపటికి ప్రమీల లేచి, ముక్కు చీది, గొట్టం బిగించి తాడు లాగింది. మూడోసారికి మోటారు అందుకుంది.

ఆ మోత జగ్గయ్యపేట నుంచి తిరిగొస్తున్న వెంకటరత్నానికి వీధి మలుపులోనే వినిపించింది. లోపలికొచ్చి, ఆమె అరచేతిలో పేలిక చూసి నిలబడిపోయాడు. అరుస్తాడనుకుంది, అరవలేదు. ఆమె మోటారు ఆపాక నెమ్మదిగా అన్నాడు.

"వెళ్తే మళ్ళీ వస్తావో రావోనని భయమేసింది ప్రమీలా."

ఆమె మోటారు ఒక కొస ఎత్తింది. రెండో కొస బేబి పట్టుకుంది. అతన్ని దాటుకుంటూ రేవుకేసి వెళ్తూ, మామూలుగానే చెప్పింది.

"అప్పుడైతే పొద్దుగూకేసరికి వచ్చేసేదాన్నండీ."